సగం దాటాక జారే నిచ్చెన

వానలు వెలిసి దీపావళి దగ్గరపడే రోజుల్లో భిలాయి క్యాంప్ 1 లాంటి బస్తీలో నిచ్చెనకు తీరిక ఉండదు. గోడల మీది పాచి గీకి, బీటలు పూడ్చి, సున్నమో రంగో వేయించుకునే కాలం అది. ఒక ఇంటి ముందు నుంచి ఇంకో ఇంటి ముందుకు భుజాల మీద మారుతూ పోయే ఆ నిచ్చెన ఎవరు కొన్నదో, ఎన్నేళ్ల నాటిదో వాడుతున్నవాళ్లకు చాలాసార్లు తెలియదు. ఎక్కేముందు దాన్ని పరీక్షించే పద్ధతి మాత్రం అందరికీ తెలుసు. గోడకు ఆనించి, రెండు మెట్లు ఎక్కి, ఒకసారి ఊగి చూస్తారు. కదలకపోతే గట్టిగానే ఉందనుకుని రంగు డబ్బా పట్టుకుని పైకి వెళ్తారు.

భౌతికశాస్త్రం లెక్కల్లో ఆ పరీక్షకు విలువ దాదాపు లేదు. పైగా అది తప్పుడు ధైర్యం ఇస్తుంది. కింది రెండు మెట్ల మీద మనిషి నిలబడినప్పుడు నిచ్చెన ఖాళీగా ఉన్నప్పటికంటే స్థిరంగా ఉంటుంది. సగం ఎత్తు దాటాక ఖాళీగా ఉన్నప్పటికంటే తేలికగా జారుతుంది. ఎక్కినవారికి ఈ మార్పు ఏమాత్రం తెలియదు.

క్యాంప్ 1 పేరులోనే దాని పుట్టుక ఉంది. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో భిలాయి ఉక్కు కర్మాగారం పని మొదలైంది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ నిర్మాణానికి వచ్చిన కూలీలు తలదాచుకున్న క్యాంపులే తర్వాత బస్తీలయ్యాయి. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చి ఈ ఊళ్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. ఇక్కడి హిందీలో నిచ్చెనను సీఢీ అంటారు, పల్లె నోళ్లలో నిసేనీ అనే మాటా వినిపిస్తుంది. ఆ నిసేనీ, మన నిచ్చెన ఒక తల్లి బిడ్డలే. రెండూ సంస్కృతంలోని నిశ్శ్రేణి నుంచి వచ్చినవి.

పెద్ద కర్మాగారం గేటు లోపల ఎత్తులో పని అంటే పర్మిట్ కాగితం, హెల్మెట్, బెల్టు, పర్యవేక్షకుడు ఉంటారు. అదే మనిషి సాయంత్రమో సెలవు రోజునో తన వీధిలో ఇంటికి రంగు వేయడానికి నిచ్చెన ఎక్కితే ఇవేవీ ఉండవు. చట్టం కూడా అక్కడిదాకా రాలేదు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన కేంద్ర చట్టాన్ని 10 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట్లకే వర్తించేలా రాశారు. ఎవరైనా సొంత ఇంటి కోసం 10 లక్షల రూపాయల లోపు ఖర్చుతో చేయించుకునే పనిని దాని పరిధిలో చేర్చలేదు. నిచ్చెన మీద నుంచి పడితే ఎముకలు విరగడానికి మాత్రం అలాంటి పరిమితులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం ఏటా 6,84,000 మంది అన్ని రకాల పడిపోవడాల వల్ల చనిపోతున్నారు. ప్రమాదవశాత్తూ జరిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే.

నేల పట్టు, గోడ తోపు

గోడకు ఆనించిన నిచ్చెన మీద పనిచేసే బలాలు కొన్నే. మనిషి బరువు, నిచ్చెన బరువు కిందికి లాగుతాయి. నేల వాటిని పైకి మోస్తుంది. నిచ్చెన పై చివర గోడను నెడుతుంది, గోడ అంతే బలంతో తిరిగి నెడుతుంది. ఆ తోపుకు నిచ్చెన పాదం గోడకు దూరంగా జారిపోవాలని చూస్తుంది. దాన్ని ఆపేది పాదానికీ నేలకూ మధ్య ఉండే ఘర్షణ ఒక్కటే. పైన గోడ గరుకుతనం కొంత సాయపడవచ్చు గానీ, కొత్తగా రంగు వేసిన గోడ మీద దాన్ని నమ్ముకోకూడదు. అందుకే ఈ లెక్కలో గోడను నున్నగా ఉన్నట్టే తీసుకుంటాం.

ఒక ఉదాహరణ చూద్దాం. నిచ్చెన బరువు 12 కిలోలు, ఎక్కే మనిషి బరువు 70 కిలోలు. నిచ్చెన పై చివర 4 మీటర్ల ఎత్తులో గోడకు ఆనింది, పాదం గోడకు 1 మీటరు దూరంలో ఉంది. ఎవరూ ఎక్కనప్పుడు పాదాన్ని బయటికి తోసే బలం ఒకటిన్నర కిలోల బరువుతో సమానం. మనిషి సగం దాకా ఎక్కితే అది సుమారు 10 కిలోలు అవుతుంది. పై చివరికి చేరితే 19 కిలోలు. మనిషి బరువు అంతే ఉంది, నిచ్చెన ఒక్క అంగుళం కూడా కదల్లేదు. అయినా పైకి పోయేకొద్దీ తోపు పెరుగుతూనే ఉంది. ఎంత ఎత్తులో నిలబడితే ఆ బరువుకు నిచ్చెన పాదం మీద అంత ఎక్కువ మీట బలం వస్తుంది. గడ్డపారతో బండను లేపేవాళ్లు చివర పట్టుకుని నొక్కేది కూడా ఇందుకే.

ఇప్పుడు ఘర్షణ సంగతి. పాదం ఎంత తోపును తట్టుకోగలదన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది: నేల మీద పడే మొత్తం బరువు, ఆ రెండు ఉపరితలాల మధ్య పట్టు. ఈ పట్టును ఘర్షణ గుణకం అనే అంకెతో కొలుస్తారు. మంచి రబ్బరు తొడుగు, పొడి సిమెంటు గచ్చు ఉంటే అది 0.6 దాకా ఉండొచ్చు. అంటే 82 కిలోల మొత్తం బరువుకు సుమారు 49 కిలోల తోపును ఆపగలదు. అదే గచ్చు మీద సన్నటి దుమ్ము, నీళ్లు, ఒలికిన రంగు, నూనె ఉంటే గుణకం 0.3కో, అంతకంటే కిందికో పడిపోతుంది. 0.3 దగ్గర పాదం ఆపగలిగేది 25 కిలోల లోపే.

నిచ్చెన సరైన వాలులో ఉంటే, పై చివర 19 కిలోల తోపే గనుక దుమ్ము నేల మీద కూడా గట్టెక్కవచ్చు. కానీ సందులో ఏదో అడ్డం వచ్చిందని పాదాన్ని 1.8 మీటర్ల దాకా వెనక్కి లాగారనుకుందాం. పై చివర 3.7 మీటర్లకు దిగుతుంది, తోపు దాదాపు రెట్టింపు అవుతుంది. ఖాళీగా ఉంటే 3 కిలోలు, సగం ఎత్తులో సుమారు 20 కిలోలు, పై చివర 37 కిలోలు. నేల ఆపగలిగేది 25 లోపే. కాబట్టి ఖాళీ నిచ్చెన నిలబడుతుంది. రెండు మెట్లెక్కి ఊగినా నిలబడుతుంది. ఎందుకంటే అక్కడ మనిషి బరువు ఘర్షణను బాగా పెంచి, తోపును కొంచెమే పెంచుతుంది. సగం ఎత్తు దాకా కూడా ఏమీ కాదు. నూటికి 60 వంతులు దాటిన తర్వాత ఏదో ఒక మెట్టు మీద పాదం లేచిపోతుంది.

కాస్త జారి ఆగడం అంటూ ఉండదు. కదలడం మొదలయ్యాక ఘర్షణ ఇంకా తగ్గుతుంది. పాదం జరిగేకొద్దీ నిచ్చెన ఇంకా వాలుతుంది, వాలేకొద్దీ తోపు పెరుగుతుంది. ఒకటి ఇంకోదాన్ని పెంచుకుంటూ పోయి అరక్షణంలో అంతా నేల మీద ఉంటుంది. 3 మీటర్ల ఎత్తు నుంచి నేరుగా పడే మనిషికి గాలిలో ఉండే సమయం 0.8 సెకను కూడా కాదు. నేలను తాకే వేగం గంటకు సుమారు 28 కిలోమీటర్లు. ఏం జరుగుతోందో మెదడు గ్రహించి చేతులు చాపే లోపే అయిపోతుంది.

పొడి గచ్చు, మంచి రబ్బరు ఉన్న రోజున తప్పు వాలులో వేసిన నిచ్చెన కూడా 37 కిలోల తోపును ఆపేస్తుంది. అసలు చిక్కు ఇక్కడే. పదేళ్లుగా అలాగే వేస్తున్నా ఏమీ కాలేదనే అనుభవం నిజమే. ఆ పదేళ్లూ కాపాడింది నేల పొడిగా ఉండటం.

నాలుగు మూరలకు ఒక మూర

అందుకే ప్రపంచమంతా వాడుకలో ఉన్న సూత్రం ఒకటే. నిచ్చెన ఆనే చోటు నేల నుంచి నాలుగు మూరలుంటే పాదం గోడకు ఒక మూర దూరంలో ఉండాలి. కోణంగా చెప్తే 75 డిగ్రీల పైచిలుకు. కొలవడానికి టేపు అక్కర్లేదు. నిచ్చెన పాదాల దగ్గర కాలివేళ్లు ఆనించి నిటారుగా నిలబడి చేతులు ముందుకు చాపితే, అరచేతులు భుజాల ఎత్తులో ఉన్న మెట్టుకు హాయిగా అందాలి. వంగాల్సి వస్తే పాదం మరీ దూరముంది. మోచేతులు ముడుచుకుంటే మరీ దగ్గరుంది. ఫోన్ ఉన్నవాళ్లు దాన్ని నిచ్చెన పక్క కమ్మీకి ఆనించి కోణం చూసుకోవచ్చు. ఫోన్ తెరను అడ్డంగా, నిలువుగా తిప్పే సెన్సరే ఈ పని చేస్తుంది. అమెరికాలోని వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ ఈ పని కోసమే 2013లో ఒక యాప్ తెచ్చింది.

ఇంకా నిటారుగా వేస్తే జారదు కదా అనే ప్రశ్న వస్తుంది. జారదు, వెనక్కి పడుతుంది. మెట్ల మీద నిలబడ్డ మనిషి శరీర భారం నిచ్చెనకు ఇవతల, గాలిలో ఉంటుంది. నిచ్చెన మరీ నిటారుగా ఉంటే ఆ భారం పాదాన్ని దాటి వెనక్కి వస్తుంది. గోడ నిచ్చెనను తోయగలదు గానీ పట్టి లాగలేదు. అటు జారడం, ఇటు వెనక్కి ఒరగడం, రెంటి మధ్య కుదిరిన రాజీ ఆ నాలుగుకొకటి లెక్క.

బస్తీలో ఈ లెక్కకు చోటు దొరకదు. 6 మీటర్ల ఎత్తుకు పాదం 1.5 మీటర్లు బయటికి రావాలి. చాలా సందుల్లో అంటే దారి మూసినట్టే. దారి మూయడం ఇష్టంలేక నిచ్చెనను నిటారుగా నిలబెడతారు, లేదా ఒక కాలు గచ్చు మీద, రెండోది మురుగు కాలువ గట్టు మీద వేస్తారు. ఇందులో రెండోది మరీ ప్రమాదకరం. నిచ్చెన వెడల్పు 40 సెంటీమీటర్లు అనుకుంటే, ఒక పాదం 2 సెంటీమీటర్లు దిగినా 4 మీటర్ల ఎత్తులో పై చివర 20 సెంటీమీటర్లు పక్కకు ఒరుగుతుంది. అది నిచ్చెన వెడల్పులో సగం. అంటే పైన ఉన్న మనిషి బరువంతా ఒక్క పాదం మీదికి వచ్చేసినట్టే. దానికితోడు అందని మూలకు బ్రష్ చాపడానికి ఒక పక్కకు వంగితే ఇక చెప్పేదేముంది. పాదం కింద ఇటుక ముక్క, చెక్క ముక్క పెట్టి సరిచేయడం పరిష్కారం కాదు. ముక్క చిట్లుతుంది, లేదా ఊగుతున్నప్పుడు తప్పుకుంటుంది. సమంగా ఉన్న చోటికి జరపాలి, లేదంటే మట్టి తవ్వి సమం చేయాలి. బొడ్డు రెండు పక్క కమ్మీల మధ్యే ఉండాలని అనుభవమున్న పనివాళ్లు చెప్పే మాటకు ఆధారం ఈ 20 సెంటీమీటర్లే. నాలుగుసార్లు దిగి నిచ్చెన జరపడం విసుగే, కానీ వేరే దారి లేదు.

కింద మనిషిని నిలబెట్టడం మంచి అలవాటే, అయితే ఎలా అన్నది ముఖ్యం. దూరంగా నిలబడి చేతులతో పట్టుకుంటే జారే నిచ్చెనను ఆపడం కష్టం. 60 కిలోల మనిషి కింది మెట్టు మీద రెండు కాళ్లూ ఉంచి నిలబడితే, ఇందాకటి దుమ్ము నేల మీద కూడా పాదం పట్టు సుమారు 18 కిలోలు పెరుగుతుంది. తోపు పెద్దగా పెరగదు. అయినా అది చివరి ఉపాయమే. పైన ఉన్న మనిషి దిగేదాకా కింది మనిషి టీకి పోకూడదు, ఫోను తీయకూడదు. పై నుంచి బ్రష్ పడినా, సుత్తి పడినా అది పడేది అతని తల మీదే. అందుకు హెల్మెట్ కావాలి. మనిషి కంటే తాడు నమ్మకమైనది. మొదటిసారి కింద మనిషిని పెట్టుకుని ఎక్కి, పై చివరను కిటికీ ఊచకో, గట్టి కొక్కేనికో కట్టేస్తే తోపు గొడవ చాలావరకు తీరిపోతుంది. డాబా మీదికి దిగాలంటే నిచ్చెన డాబా అంచు కంటే కనీసం 1 మీటరు పైకి రావాలి. కాలు మార్చే క్షణంలో చేతికి పట్టు కావాలి కదా.

తీగలు

సందుల్లో ఇంకో ప్రమాదం తలపైన ఉంటుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల ప్రకారం 11 కిలోవోల్టుల తీగకూ భవనానికీ మధ్య పక్కవాటు దూరం కనీసం 1.2 మీటర్లు ఉండాలి. నిలబడి ఉన్న ఇంటికి అది సరిపోతుంది. నిచ్చెన నిలబడి ఉండదు. దాన్ని లేపుతారు, తిప్పుతారు, గోడ వెంట జరుపుతారు. 5 మీటర్ల నిచ్చెన నిలువు నుంచి 15 డిగ్రీలు ఒరిగితే దాని కొన 1.3 మీటర్లు పక్కకు పోతుంది. అంటే నిబంధన ఇచ్చిన ఖాళీ మొత్తం ఒక్క తూలుతో అయిపోయింది. అల్యూమినియం నిచ్చెన తేలిక కాబట్టి ఒక్కరే ఎత్తి నడిచిపోతారు, ఆ తూలు వచ్చేది అప్పుడే. తీగలున్న చోట లోహపు నిచ్చెన వాడకూడదు. పొడి ఫైబర్‌గ్లాస్ నిచ్చెన కరెంటును ఆపుతుంది. వెదురును నమ్మడానికి లేదు. వానకు తడిసిన వెదురు, తడి సున్నం చిందిన వెదురు కరెంటును పోనిస్తాయి. అధిక వోల్టేజీ తీగల దగ్గరైతే ఏ నిచ్చెనా రక్షణ కాదు. సరఫరా ఆపించి పని చేయాలి. నిచ్చెనను ఎప్పుడు తరలించినా అడ్డంగా పడుకోబెట్టి, ఇద్దరు మోయాలి.

ఎక్కకముందు చూడాల్సినవి

ఊగి చూసే పరీక్షకు బదులు నేల మీద పడుకోబెట్టి, వెలుతురులో, రెండు నిమిషాలు చూడాలి. చూడాల్సింది ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది.

వెదురు నిచ్చెన ఎండాకాలంలో ఎండి సన్నబడుతుంది. మెట్లు దిగేసిన రంధ్రాలు వదులవుతాయి, కట్టిన తాళ్లు సడలుతాయి. ప్రతి మెట్టునూ చేత్తో పట్టి మెలితిప్పితే తెలిసిపోతుంది. గణుపు నుంచి గణుపుకు పారిన నిలువు చీలిక ఉందేమో చూడాలి. గడ కింద పిండిలాంటి సన్నటి పొడి రాలుతుంటే లోపల పురుగు తొలుస్తున్నట్టే. పైకి నిండుగా కనిపించే గడ లోపల గుల్ల కావచ్చు. వెదురుకైనా, చెక్కకైనా రంగు పూయకూడదు. చీలికలను రంగు కప్పేస్తుంది. రంగులు వేసేవాళ్ల నిచ్చెనే నిలువెల్లా రంగు చిందులతో నిండి ఉండటం ఇందులోని తమాషా. ఆ చిందులను నెలకోసారైనా గీకి లోపలి చెక్కను చూడాలి.

అల్యూమినియం సంగతి వేరు. భిలాయిలాంటి ఊళ్లో లోహాల గురించి తెలియనివాళ్లు తక్కువ, అయినా ఈ తేడా చాలామంది దృష్టికి రాదు. మామూలు ఉక్కుకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దుకు లోపల ఎన్ని లక్షలసార్లు వంచి వదిలినా అది అలసిపోదు. అల్యూమినియం మిశ్రలోహాలకు అలాంటి స్పష్టమైన హద్దు లేదు. ఎక్కిన ప్రతిసారీ, దిగిన ప్రతిసారీ కొద్దిగా అరుగుదల చేరుతూనే ఉంటుంది. చివరికి మెట్టు పక్క కమ్మీని కలిసే చోట, రివెట్టు చుట్టూ, వెంట్రుకంత పగులు మొదలవుతుంది. అక్కడ మసి రంగు గీత కనిపిస్తే అనుమానించాలి. వంగిన కమ్మీని సుత్తితో కొట్టి సరిచేయడం ఇంకా చెడ్డది. వంగి, తిరిగి నిటారైన చోట లోహం బిరుసెక్కి మరింత తేలిగ్గా పగులుతుంది.

సైటులో కడ్డీ ముక్కలు వెల్డింగ్ చేసి కట్టుకున్న ఇనుప నిచ్చెనలకు వెల్డింగ్ అతుకే బలహీనమైన చోటు. పైకి నిండుగా కనిపించినా లోపల అతుక్కోని అతుకు ఎప్పుడు విడిపోతుందో చెప్పలేం. గుండ్రటి కడ్డీ మెట్టు మీద తడి చెప్పు నిలవదు.

ఏ నిచ్చెనకైనా పాదాల రబ్బరును తిరగేసి చూడాలి. లెక్కలో ఇందాక 0.6, 0.3 అని రెండు అంకెలు వచ్చాయి. అరిగి నున్నబడిన రబ్బరు మొదటిదాన్ని రెండోదాని వైపు లాగుతుంది. గచ్చు ఊడవడానికి చీపురు తెచ్చుకోవడం కూడా పరీక్షలో భాగమే. మడత నిచ్చెన అయితే రెండు కాళ్ల మధ్య పట్టీ పూర్తిగా తెరుచుకుని బిగిసిందో లేదో చూడాలి. దాన్ని మడిచి గోడకు ఆనించి ఎక్కకూడదు. దాని పాదాలను ఆ వాలు కోసం చేయలేదు.

ఎక్కేటప్పుడు ముఖం నిచ్చెన వైపు, మూడు అవయవాలు ఎప్పుడూ మెట్ల మీద. డబ్బా చేత్తో పట్టుకుంటే ఆ లెక్క తప్పుతుంది. కాబట్టి డబ్బాను కొక్కేనికి తగిలించాలి లేదా తాడుతో పైకి లాగాలి. పైనున్న చివరి మూడు మెట్లు నిలబడటానికి కాదు, పట్టుకోవడానికి. అరగంట దాటే పనికి నిచ్చెన బదులు వేరే సాధనం చూసుకోవాలని బ్రిటన్ భద్రతా సంస్థ సూచిస్తుంది. మన లెక్కలో అంటే, గోడంతా రంగు వేయాలంటే పరంజా కట్టాలి. భారతీయ ప్రమాణాల సంస్థ కూడా పరంజాలకు, నిచ్చెనలకు కలిపి ఐఎస్ 3696 అనే ప్రమాణాన్ని రెండు భాగాలుగా ఇచ్చింది. రెండో భాగం నిచ్చెనలదే. ఒక్క ఇంటి పనికి పరంజా ఖర్చు ఎక్కువే. రెండు మూడు ఇళ్లవాళ్లు కలిసి ఒకేసారి వేయించుకుంటే తలా కొంత పడుతుంది.

సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకు, దసరాల్లో ఆయుధ పూజకు పనిముట్లన్నీ కడిగి బొట్టు పెట్టే అలవాటు ఉంది. ఏడాదికొకసారి నిచ్చెనను పూర్తిగా పరీక్షించడానికి అంతకంటే అనువైన రోజు దొరకదు. రంగుల కాలం మొదలయ్యేది కూడా దాదాపు ఆ తర్వాతే.

పరీక్షలో తప్పిన నిచ్చెనను ఏం చేయాలన్నది చాలామంది వదిలేసే విషయం. మూల పెడితే ఎవరో ఒకరు తీసుకుంటారు. పక్కింటివాళ్లు అడిగితే "చూసుకుని ఎక్కండి" అంటూ ఇచ్చేస్తారు. దాన్ని మధ్యకు రెండు ముక్కలుగా కోసేయాలి. అల్యూమినియం అయితే తుక్కు కొట్టులో డబ్బులొస్తాయి. వెదురైతే పొయ్యిలోకి పనికొస్తుంది.